ఆయమ్మ ఆర్పిన కర్పూరం

శుక్రవారం ఉదయం ప్రార్థన బెల్లు కొట్టబోతుండగా ఫోను వచ్చింది. "మేడం, మామ్మ పోనాది" అంది అవతలి పిల్ల. గొంతులో ఏడుపు లేదు. "పలాసలోనే, డయాలసిస్ మంచం మీదే. మిషను ఇప్పకముందే పోనాది. బండిలో ఇంటికి తెత్తన్నాను. మీరొకసారి వత్తారా?" వస్తానన్నాను. పిల్లల్ని తరగతులకి పంపి, తాళాలు తోటి టీచరుకి ఇచ్చి బయల్దేరాను.

పోయినావిడ మా బడి ఆయమ్మ. పలాసకీ సముద్రానికీ మధ్య, ఉద్దానం తోటల్లో ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఇరవై ఏళ్ళ పాటు బడిపిల్లలకి మధ్యాహ్న భోజనం వండింది. ఫోను చేసిన పిల్ల ఆవిడకి మనవరాలు కాదు, దూరపు చుట్టం కూడా కాదు. అమ్మా నాన్నా ఎయిడ్స్‌తో పోతే ఆయమ్మ ఇంటికి తెచ్చుకుని చదివించిన పిల్ల. ఇప్పుడు టెక్కలిలో నర్సింగు చదువుతోంది. అదే ఇంట్లో ఇంకో చిన్నది కూడా ఉంది. అదీ అలా వచ్చిందే. నేను హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్న ఈ బడిలోనే మూడో తరగతి చదువుతోంది.

చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు అని సామెత. పోయినవాళ్ళకి లేని గొప్పలు అంటగట్టడం మనకి అలవాటే. నేను ఆ పని చెయ్యను. ఆయమ్మది మహా చెడ్డ నోరు. ఎదురొచ్చినవాళ్ళని ఏడు తరాల వెనక్కి వెళ్ళి మరీ తిట్టేది. అన్నం వార్చాక వంటపాక వెనక్కి పోయి అడ్డపొగ పీల్చేది. చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం మా వైపు ముసలమ్మలకి అలవాటు. బళ్ళో తప్పమ్మా అని నేను చెప్తే, నోట్లో నిప్పుతోనే నన్ను తిట్టేది. అన్నంలో రాళ్ళొచ్చిన రోజు "పళ్ళున్నాయి గదా, నమలండి" అనేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆవిడ నోరు మంచిది కాదు. ఊరైతే అంతకన్నా మంచిది కాదు. శుక్రవారం ఆ ఇంటి ముందు జరిగింది చెప్పాలనే ఇది రాస్తున్నాను. అది మీకు అర్థం కావాలంటే ముందు కిడ్నీ సంగతి చెప్పాలి.

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీరు వినే ఉంటారు. ఎందుకొస్తుందో ఇప్పటికీ ఎవరూ ఖాయంగా తేల్చలేదు. నీళ్ళన్నారు, మట్టన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. పరీక్షలకని సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయేవాళ్ళు పట్టుకుపోతూనే ఉన్నారు. చదువురాని ముసలమ్మలకి కూడా మా ఊళ్ళో క్రియాటినిన్ అన్న మాట తెలుసు, రక్తంలో అది పెరిగితే కిడ్నీ పోతున్నట్టని తెలుసు. ప్రతి వీధీ ఆ చావు చూసింది కాబట్టి ఆ జబ్బు చెప్పుకోవడానికి ఎవరికీ సిగ్గు లేదు. అందుకని ఊరు దానికి ఇంకో ఉపయోగం కనిపెట్టింది. గుజరాత్ బోట్ల మీదకో, చెన్నైకో పనికి పోయినవాడు ఎముకల గూడై తిరిగొచ్చి చచ్చిపోతే ఇంట్లోవాళ్ళు కిడ్నీ అంటారు. విన్నవాళ్ళు అయ్యో అంటారు. రెండో ప్రశ్న ఎవరూ వెయ్యరు. పెళ్ళానికి పరీక్ష చేయించరు. కొన్నాళ్ళకి ఆవిడా కిడ్నీతోనే పోతుంది. ఎయిడ్స్‌కి మందులున్నాయి, ఊరికే ఇస్తారు, క్రమం తప్పక వాడితే పిల్లల పెళ్ళిళ్ళు చూసుకోవచ్చు. అయినా పరువు కోసం చచ్చిపోతారు. ఇది రాస్తూ కూడా పళ్ళు కొరుక్కుంటున్నాను.

పధ్నాలుగేళ్ళ కిందట నేను ఈ బడిలో కొత్తగా చేరాను. రోజూ టెక్కలి నుంచి పలాస బస్సు, అక్కణ్ణించి ఆటో. బడి తెరిచిన వారంలో ఒకావిడ కూతుర్ని ఒకటో తరగతిలో చేర్చడానికి వచ్చింది. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు, గోడకి ఆనుకుని నిలబడింది. ఫారం నింపడం అయ్యాక గొంతు తగ్గించి, "మా ఆయనది కిడ్నీ కాదండి మేడం. నాదీ కాదు. ఊల్లో ఎవులికీ తెల్దు. నాకట్టే కాలం నేదు. ఈ గుంట సదువు ఆగకుండా సూడండి, మీకు దండవెడతాను" అంది.

"చూస్తానమ్మా" అన్నాను. గుమ్మంలో ఆయమ్మ చేటలో బియ్యం పట్టుకుని నిలబడి ఉంది. ఏమీ విననట్టు రాళ్ళు ఏరుకుంటోంది.

దసరా సెలవులకి ముందే ఆ తల్లి పోయింది. పిల్లని చిన్నాన్న తీసుకెళ్ళాడు. తీసుకెళ్ళి పశువుల పాకలో పడుకోబెట్టాడు. విడి కంచం, విడి చెంబు, ఉతకని గౌను. నాకు ఆ సంగతి తెలుసు. రేపు మాట్లాడదాం, ఎల్లుండి మాట్లాడదాం అనుకుంటూ ఉన్నాను. ఆయమ్మ ఒక సాయంత్రం అంట్లు తోమడం అవగానే నేరుగా ఆ పాకలోకి పోయి, పిల్ల చెయ్యి పట్టుకుని తన ఇంటికి నడిపించుకొచ్చేసింది. చిన్నాన్న గుమ్మంలో నిలబడి చూశాడు. అడ్డం రాలేదు, ఎందుకొస్తాడు. ఆవిడకి మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. ఒంటి గది రేకుల ఇంట్లో ఒక చాప ఎక్కువ పరిచింది.

నెల తిరక్కుండా గుసగుసలు మొదలయ్యాయి. ఒక ఉదయం తల్లిదండ్రులు ఇరవై ముప్పై మంది బడికొచ్చారు. ముందు ఒక పెద్దమనిషి, కొబ్బరి వ్యాపారం చేసేవాడు. "ఆ గుంట మా పిల్లల పక్కన కూకుంటే అందరి టీసీలూ ఇచ్చీండి" అన్నాడు. "దాన్ని ఇంట్లో ఎట్టుకున్నదాని సేతి కూడు మా పిల్లలు తినరు" అంది ఇంకో ఆవిడ. అప్పటి హెడ్‌మాస్టారు నావైపు చూశారు.

నా వెనక గోడ మీద ఒక చార్టు ఉంది. ట్రైనింగులో నేర్పితే నేనే రంగు పెన్నులతో రాసి అంటించాను. కలిసి కూర్చుంటే ఎయిడ్స్ రాదు, కలిసి తింటే రాదు, ముట్టుకుంటే రాదు అని. చుట్టూ పువ్వులు కూడా వేశాను. ఆ చార్టు కింద కూర్చుని నేను నోరు విప్పలేదు. ఆ తల్లి రహస్యం కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. భయమేసింది. వాళ్ళు నన్ను కూడా పంపించేస్తారని భయమేసింది. ఈ ఊరి మీద నాకున్న కోపం చాలా పెద్దది. అందులో మొదటి వాటా నాది.

చివరికి ఆయమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వంటపాకలోంచి బయటికొచ్చింది. "ఏటా గోల? దాని అమ్మా అయ్యా కిడ్నీతోటే పోనారు. ఆ తల్లి శవానికి తానం నానే సేయించినాను. నాకు తెల్దేటి?"

"అయితే అమ్మోరి కాడ కర్పూరం ఆర్పుతావా?" అన్నాడు పెద్దమనిషి.

"ఆర్పుతాను. ఆర్పితే నోరు మూసుకుంటారా మరి?"

మా వైపు కోర్టు తీర్పుకైనా అప్పీలుంటుంది గానీ కర్పూరం ఆర్పి వేసిన ఒట్టుకి లేదు. మంగళవారం నాడు ఆయమ్మ బోరింగు దగ్గర నెత్తిన నీళ్ళు పోసుకుని, తడి చీరతో గుడి ముందు నిలబడింది. పళ్ళెంలో కర్పూరం వెలిగించారు. "కిడ్నీయే" అని అరచెయ్యి దాని మీద కొట్టి ఆర్పేసింది. జనం వెళ్ళిపోయారు. మర్నాడు పిల్ల తరగతిలో కూర్చుంది, ఆయమ్మ అన్నం వండింది, అందరూ తిన్నారు. డాక్టరు చెప్తే వినరు, పుస్తకంలో ఉంటే నమ్మరు. ఆ కర్పూరం ఆరితే మాత్రం ఊరందరి భయమూ ఆరిపోయింది.

ఆ మధ్యాహ్నం వంటపాక వెనక్కి వెళ్ళాను. చుట్ట వెలిగించుకుంటోంది. అమ్మవారంటే ఆవిడకి ప్రాణం, ఏ ఏడూ ఘటం ఎత్తకుండా ఉండలేదు. "నోట్లో నీల్లు పోసుకున్నావేటి పంతులమ్మా ఆ రోజు?" అంది. నన్ను మీరు అని ఎన్నడూ అనలేదు. మళ్ళీ తనే, "అబద్దపొట్టు. అమ్మోరికీ తెలుసు, నాకూ తెలుసు. తగిలితే నాకు తగలాల గానీ గుంటకి తగలకూడదని మొక్కినాను. ఆ మొక్కు కడుపులోనే సెప్పుకున్నాను, పైకి ఇనబళ్ళేదులే" అంది.

ఆ తర్వాత పిల్లని చదివించిన తీరు చెప్పాలి. ఆవిడకి అక్షరం రాదు. సాయంత్రం బియ్యం ఏరుతూ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి పాఠం పైకి చదివించేది. పిల్ల ఒకసారి బద్ధకించి పుస్తకం చూడకుండా నోటికొచ్చిన పాత పాఠమే అప్పగించిందట. "నీ కళ్ళు కదల్లేదు. మళ్ళీ సదువు" అందట ఆయమ్మ. మాటలు కాదు, కళ్ళు చూసేది. అప్పటినుంచి పిల్ల మోసం చెయ్యడం మానేసింది. టెన్తు దాకా ఇదే పద్ధతి. లెక్కలు కూడా పైకే చదవాలి. పలాస జీడి ఫ్యాక్టరీలో ఆదివారాలు పిక్కలు కొట్టడానికి పోయేది గానీ పిల్లని ఒక్కరోజు కూడా వెంట తీసుకెళ్ళలేదు. జీడి అంటిన చేతులకి కలం జారిపోతుందని ఆవిడ నమ్మకం. నిజమో కాదో నాకు తెలీదు.

టెక్కలి హాస్టల్లో చేర్చేటప్పుడు వార్డెన్ "మీరు పిల్లకి ఏమవుతారు?" అని అడిగితే, ఆయమ్మ కొంచెం ఆలోచించి "వండెడతాను" అంది. వార్డెన్ రాసుకోవడానికి అది పనికిరాలేదు. నేను అమ్మమ్మ అని రాయించాను.

ఆ పిల్లకి రోగం ఉందా అని ఈపాటికి మీలో కొందరు అనుకునే ఉంటారు. మా ఊళ్ళో కూడా అందరూ అడిగారు. టీచర్లు అడిగారు, పెళ్ళిళ్ళ పేరయ్య అడిగాడు, బస్సులో పక్క సీటువాళ్ళు అడిగారు. ఆయమ్మ అందరికీ ఒకటే చెప్పేది. "నీకేటి పని?" నేనూ మీకు అదే చెప్తాను.

రెండేళ్ళ కిందట ఆయమ్మ కాళ్ళు వాచాయి. రక్తం చూస్తే క్రియాటినిన్ ఎక్కడో ఉంది. అప్పటికి నేను బదిలీల మీద తిరిగి తిరిగి హెడ్‌మిస్ట్రెస్‌గా మళ్ళీ ఈ బడికే వచ్చాను. పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళాను. బయట బెంచీ మీద కూర్చుని రిపోర్టు చేతిలో పెట్టుకుని ఆయమ్మ నవ్వింది. "ఏ పేరు సెప్పి ఒట్టేసినానో ఆ పేరే తగిలింది పంతులమ్మా."

నాకు ఒళ్ళు మండింది. "ఊళ్ళో ఇంతమందికి వచ్చింది. వాళ్ళందరూ ఒట్టేశారా?" అన్నాను.

"ఆళ్ళ సంగతి ఆళ్ళది. నాది నాకు తెలుసు. గుంటకి తగల్లేదు, సూసినావా? అమ్మోరు నా మాట ఇంది."

ఆ నమ్మకాన్ని కాదనడానికి నాకేం హక్కుంది. తర్వాత ఆవిడ వంట మానేసి, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి ఆటోలో పోయొచ్చేది. మిగతా రోజుల్లో చిన్నదాన్ని బడి గేటు దగ్గర దించి, "కూకోబెట్టి సదివించు" అని నన్నే గదమాయించేది.

ఇక శుక్రవారం. నేను వెళ్ళేసరికి శవం వాకిట్లో చాప మీద ఉంది. పెద్దపిల్ల తలవైపు, చిన్నది దాని ఒళ్ళో. ఇంకెవరూ లేరు. అంటే వాకిట్లో లేరు. దడి అవతల రోడ్డు మీద ఊరంతా ఉంది. మా వైపు పగవాడి ఇంట చావైనా ఆడవాళ్ళు వచ్చి ఒక ఏడుపు ఏడ్చి పోతారు. ఇరవై ఏళ్ళు వీళ్ళ పిల్లలకి అన్నం పెట్టినావిడ కోసం ఒక్కతి దడి దాటలేదు. కిరాణా కొట్టావిడని ఏమిటిదని అడిగాను. "కిడ్నీ అంటన్నారు గానీ కాదంట మేడం. ఆ పిల్లల ఎంగిలి తిని తిని ఆ రోగవే అంటుకుందంట" అంది.

ఎయిడ్స్‌తో పోయినవాళ్ళనేమో కిడ్నీ అన్నారు. నిజంగా కిడ్నీతో పోయినావిడనేమో ఎయిడ్స్ అంటున్నారు.

ఆ కొబ్బరి వ్యాపారే వచ్చాడు, జుట్టు నెరిసింది. మర్యాదగానే మాట్లాడాడు. "మేడం, ఆసుపత్రి కాయితాలన్నీ మీరు సూసినారు గదా. కిడ్నీయేనని మీరొక్కసారి అమ్మోరి కాడ కర్పూరం ఆర్పీండి. పాడె మేమే మోత్తాం. సోమారం పిల్లల్నీ పంపుతాం. నేదంటే ఆ సిన్నగుంట ఉన్న బడికి ఎవులి పిల్లలూ రారు."

ఆలోచించండి. ఈసారి అడిగింది నిజం. రిపోర్టులు నా సంచీలోనే ఉన్నాయి. నిజం మీద ఒట్టు పెడితే ఏ దేవతకీ కోపం రాదు. చిన్నదాని చదువు ఆగదు. నా కాళ్ళు గుడివైపు కదిలాయి కూడా.

"సెప్పొద్దు మేడం." పెద్దపిల్ల లేచి నిలబడింది. "నా కోసం మామ్మ ఒకసారి ఆర్పింది, సాలు. కిడ్నీ కాకపోతే ఏటి సేత్తారో అడగండి. కాకపోతే మొయ్యరా? కాకపోతే సెల్లిని బడికి రానివ్వరా?"

అడిగాను. "అదేటి ప్రశ్న మేడం" అని ఆయన దడి వైపు చూశాడు. "ఊరు బతకాల గదా."

పిల్ల దడి దాకా నడిచి వెళ్ళింది. అందరికీ వినబడేలా చెప్పింది. "మా అమ్మా నాన్నా ఎయిడ్స్‌తోటే పోనారు. కిడ్నీ కాదు. మామ్మకి తెలుసు. తెలిసే నాతో కలిసి తిన్నాది, నా పక్కన పడుకుంది. మీ పిల్లలకి అదే సేత్తో వండెట్టింది. ఎవులికేటైంది?"

పధ్నాలుగేళ్ళ కిందట చెప్పాల్సిన మాటలు నేను అప్పుడు చెప్పాను. కూర్చుంటే రాదు, తింటే రాదు, ముట్టుకుంటే రాదు. అరిచి చెప్పాను. ఆయమ్మ ఏ రోగంతో పోయిందో మాత్రం చెప్పలేదు. "మీకేం పని?" అన్నాను. పెద్దమనిషి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే ఊరూ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఒక ఆటో వచ్చింది. అందులోంచి ఇద్దరు మగవాళ్ళు దిగారు, ఇద్దరివీ ఉబ్బిన మొహాలు. ఆయమ్మతో పాటు డయాలసిస్ చేయించుకునేవాళ్ళు, ఆవిడకి అటూ ఇటూ మంచాలవాళ్ళు. పక్క ఊళ్ళవాళ్ళు. డయాలసిస్ సూది గుచ్చే చేత్తో బరువు ఎత్తకూడదు. అందుకని ఇద్దరూ కుడి భుజాలే ఇస్తామన్నారు. అలా ఒక పక్క వాళ్ళిద్దరు, ఇంకో పక్క ఆ పిల్లా నేనూ. ఆడవాళ్ళు పాడె మొయ్యకూడదని చెప్పడానికైనా ఊళ్ళోవాళ్ళు ఒకరుండాలి కదా, లేరు. సరుగుడు తోపు దాటి సముద్రం పక్కన దించాం. దారిలో నాలుగుసార్లు ఆగాం, వాళ్ళకి ఆయాసం. పెద్దపిల్లే నిప్పు పెట్టింది.

శని ఆదివారాలు నాకు మనసు మనసులో లేదు. నా స్థానంలో ఆయమ్మ ఉంటే ఏం చేసేదో నాకు బాగా తెలుసు. ఇంకోసారి తడి చీర కట్టుకుని ఆర్పేసేది. పిల్ల బడి ఆగకూడదు, అంతవరకే ఆవిడ ఆలోచన. ఒట్టుతో అయితే ఒట్టుతో, తిట్టుతో అయితే తిట్టుతో. నేను నా పాత సిగ్గు కడుక్కోవడానికి ఎనిమిదేళ్ళ పిల్ల చదువుని పణంగా పెట్టానా? "నువ్వు గొప్పదానివి అయిపోనావు సరే, గుంట ఎవులి పక్కన కూకుంటాది?" అని ఆవిడ నన్ను తిట్టినట్టే అనిపించింది. ఆ పెద్దపిల్ల దడి దగ్గర చెప్పిన మాట మళ్ళీ వెనక్కి పోకూడదన్నది ఒకటే నాకు తెలుసు.

సోమవారం తొమ్మిదింటికి బెల్లు నేనే కొట్టాను. గేటు తీసి నిలబడ్డాను. తోటల్లోంచి బడికొచ్చే బాట మీద ఎవరూ లేరు. కాసేపటికి పెద్దపిల్ల చెయ్యి పట్టుకుని చిన్నది వచ్చింది. అక్క గేటు దగ్గర ఆగిపోయింది. చిన్నది లోపలికొచ్చి, మూడో తరగతి గదిలో, ముగ్గురు కూర్చునే బెంచీ మీద రోజూ కూర్చునే చివరనే కూర్చుంది. మిగతా ఇద్దరికీ చోటు వదిలింది.

హాజరు పట్టీ తెరిచాను. "ఒకటి" అని పిలిచాను. రోజూ ఆగినంతసేపు ఆగి, ఆబ్సెంటు వేశాను. "రెండు" అన్నాను. ఆగాను. అలా పది దాకా పిలిచాను. దాని నంబరు పదకొండు. "పదకొండు" అనగానే లేచి నిలబడి, గది నిండా పిల్లలున్న రోజు ఎంత గట్టిగా అరుస్తుందో అంత గట్టిగా "ప్రెజెంట్ మేడం" అంది. కూర్చోమన్నాను. పన్నెండు అని పిలిచాను.